కాంచనలేఖ జడ

"ఎవులు పోయినారమ్మా?"

మజ్జిగ కుండ గుమ్మం ముందు దించి, మరిడమ్మ గొంతు తగ్గించి అడిగింది. ఆమె చూపు కన్యకాపరమేశ్వరి మీద లేదు. అరుగు మీద స్తంభానికి ఆనుకుని కూర్చున్న కన్యక తమ్ముడు జగన్నాధం గుండు మీద ఉంది.

"ఎవరూ పోలేదు. మజ్జిగ పొయ్యి," అంది కన్యక.

"పోకపోతే ఆ తలేటమ్మా మరి?"

"సింహాచలం మొక్కు."

మరిడమ్మ ముంత చేత్తో పట్టుకుని ఆలోచించింది. పెద్దింటి వాళ్ళ అబద్ధాన్ని మొహం మీదే పట్టుకోవడం మర్యాద కాదని ఆమెకు తెలుసు. కాని ఊరుకోవడం ఆమె వల్ల కాలేదు.

"అప్పన్నకి మొక్కుకుంటే కొండ మీదిస్తారు గాని, ఇంటి పెరట్లో ఇస్తారేటమ్మా? మా లక్ష్ముడే కదా పొద్దున్న కత్తట్టుకొచ్చినాడు? 'ఆడోళ్ళకి కూడా లేదు పిన్నీ అలాటి జుట్టు, దాని మీద నా సేత కత్తెట్టించినారు' అని మా ఇంటికొచ్చి సెంబుడు నీళ్ళు తాగినాడు."

మరిడమ్మ జగన్నాధం వైపు తిరిగింది.

"బాబూ, నువ్వయినా సెప్పు. ఎవులు పోయినారు?"

"కాంచనలేఖ పోయింది," అన్నాడు జగన్నాధం.

"అయ్యో! ఎంత వయసు బాబూ?"

"పదహారు."

"ఓలమ్మ! పెళ్ళయినాదా?"

"అయింది. మొగుడు ఓడెక్కి వెళ్ళిపోయాడు. రేవులో నిలబడి చూసి చూసి పోయింది."

మరిడమ్మ చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. కుండ తలకెత్తుకుని, ఎవరి ఇంటి పిల్లో అడగడం మరిచిపోయి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం లోగా ఈ వార్త ఆమదాలవలస బజారంతా తిరిగి వస్తుందని కన్యకకి తెలుసు. వారించడానికి కూడా ఓపిక లేకపోయింది.

"ఎందుకురా అలగ చెప్పావు?"

"అబద్ధమేటి అప్పా?"

అతను నవ్వలేదు. వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు. గుండు ఎండలో తెల్లగా, పసిపిల్లవాడి తలలా మెత్తగా కనిపించింది. మెడ వెనక మాత్రం ఇన్నేళ్ళూ జడ కప్పిన చోటు ఇంకా తెల్లగా ఉంది. కన్యక అటు చూడలేక లోపలికి వచ్చేసింది.

కాంచనలేఖ ఆమె భర్త కాశీవిశ్వనాథం కడుతున్న కొత్త సంగీత నాటకంలో నాయిక. కళింగపట్నం రేవులో, ఓడ మీద వెళ్ళిన భర్త కోసం ఎదురుచూసే షావుకారు పెళ్ళాం. ఆ వేషం జగన్నాధానిదే అని ఏడాదిగా అందరూ అనుకుంటున్నదే. ఇరవై ఏళ్ళుగా బావ కట్టిన ప్రతి నాటకంలోనూ నాయిక అతనే. వారం కిందట కాశీవిశ్వనాథం భోజనాల దగ్గర, పప్పు కలుపుకుంటూ, "ఈసారి విజయనగరం నుంచి ఆడపిల్లని తెస్తన్నాను" అన్నాడు. ఆనాటి నుంచి జగన్నాధం విస్తరి ముందు కూర్చోవడం, లేచిపోవడం. ఈ ఉదయం ఎవరికీ చెప్పకుండా మంగలిని పిలిపించుకున్నాడు.

లక్ష్ముడు పైన దారం కట్టి, జడను జడగానే కోసి, రెండు చేతులతో తెచ్చి ఆమెకిచ్చాడు. కోసిన జుట్టు ఇంట్లో ఉంచకూడదు. పారే నీళ్ళలో వేయాలి. నాగావళి ఎంతో దూరం లేదు. కాని కన్యక దాన్ని తన పాత చీర ముక్కలో చుట్టి బియ్యం గదిలో పెట్టింది.

ఆ జుట్టు ఆమె పెంచింది. తల్లి పోయేనాటికి తమ్ముడికి అయిదేళ్ళు, తనకు పదకొండు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఆ తలకి నూనె రాసింది, కుంకుడు పులుసు పోసింది, సాంబ్రాణి పొగ వేసింది. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చినప్పుడు తమ్ముణ్ణి కూడా వెంట తెచ్చుకుంది. కాశీవిశ్వనాథం ఆ జుట్టూ ఆ గొంతూ చూసి, "నాకు కట్నం అక్కర్లేదు, వీడు చాలు" అని పదిమందిలో అన్నాడు. అప్పుడు అందరూ నవ్వారు. కన్యక ఎంతో పొంగిపోయింది.

విజయనగరం బండి వచ్చి వెళ్ళిన కాసేపటికి వాకిట్లో జట్కా ఆగింది.

ముందు కాశీవిశ్వనాథం దిగాడు. పట్టు లాల్చీ, భుజం మీద కండువా, నోట్లో తాంబూలం. కొత్త నాటకం కట్టే రోజుల్లో అతను పదేళ్ళు చిన్నవాడైపోతాడు. అతని వెనక నల్లగా, లావుగా ఒకావిడ దిగింది. ఆవిడ పేరు అసిరమ్మ. ఆ తరువాత ఆమె కూతురు నీలవేణి, జట్కా నీడలో వచ్చినా తల నిండా కొంగు కప్పుకుని.

"కన్యకా! ఎవరొచ్చారో చూడు!" అని కేకేస్తూ అరుగెక్కిన కాశీవిశ్వనాథం స్తంభం దగ్గర ఆగిపోయాడు.

కండువా జారి కింద పడింది. తీసుకోలేదు.

"ఎప్పుడు?" అన్నాడు.

"పొద్దున్న," అన్నాడు జగన్నాధం.

"నాతో ఒక్క మాట చెప్పొద్దేటిరా?"

"చెప్పడానికేటుంది బావా? వేషం నీది. ఎవరికి కావాలంటే వాళ్ళకిచ్చుకున్నావు. జుట్టు నాది."

జట్కావాడు పెట్టె పట్టుకుని ఎక్కడ దించాలో తెలియక నిలబడ్డాడు. నీలవేణి అసిరమ్మ వెనక్కి జరిగింది. జగన్నాధం లేచి కండువా తీసి, దులిపి, బావ భుజం మీద వేసి పెరట్లోకి నడిచాడు.

కాశీవిశ్వనాథం తిన్నగా వంటింట్లోకి వచ్చాడు.

"జుట్టేదే?"

"ఏ జుట్టు?"

"వాడిదే. పారేసావేటి?"

అతని కళ్ళలో నీళ్ళున్నాయి. ఆ నీళ్ళు చూసి కన్యక మోసపోయింది.

"పారెయ్యడానికి చేతులు రాలేదండీ. బియ్యం గదిలో ఉన్నాది."

"జడ జడగానే ఉన్నాదా? తెగలేదు కదా?"

"లక్ష్ముడు దారం కట్టి కోసాడు."

"బతికించావు!" అంటూ అతను పీట మీద కూలబడ్డాడు. "ఆ పిల్లకి టైఫాయిడొచ్చి జుట్టంతా రాలిపోయిందే. పేరు చూస్తే నీలవేణి. కొంగు తీస్తే పిట్ట గూడు. విజయనగరంలో సవరాలన్నీ చూసాను. కొబ్బరి పీచు నయం. చివరి రంగంలో పాట పాడుతూ జడ విప్పాలి కదా. పెట్రోమాక్సు వెలుతురులో జుట్టు మోకాళ్ళ దాకా జారాలి కదా..."

కన్యక చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"ఏటండీ," అంది. "మీరు వాడి కోసం ఏడుస్తన్నారనుకున్నాను."

"ఏడవడం లేదేటి?"

"సవరం కోసం ఏడుస్తన్నారు. రేపు వాడు చచ్చిపోతే తోలు మృదంగానికి పనికొస్తాదేమో చూస్తారు."

"అరవకు. పిల్ల వింటాది."

"విననీండి. ఏ ఇంటికొచ్చిందో తెలియాలి కదా." గొంతు మాత్రం తగ్గించింది. "సోంపేట వాళ్ళు వచ్చారు. గుర్తున్నాదా? ఆ జుట్టు తీయించేస్తే పిల్లనిస్తామన్నారు. 'ఈ నాటకం ఒక్కటి అయిపోనీండి' అన్నారు మీరు. ఆ నాటకం అయింది. మరునాడే పంతుల్ని కూర్చోబెట్టి ఇంకోటి మొదలెట్టారు. నరసన్నపేట వాళ్ళు వచ్చారు. 'ఈ ఒక్కటీ' అన్నారు. ఇప్పుడు వాడికి ముప్పై ఎనిమిది. ఇరవై ఏళ్ళు ఆడదాన్ని చేసి ఆడించి, ఇవాళ నువ్వు ఆడదానివి కావు పొమ్మంటే వాడెక్కడికి పోతాడండీ? మగాడిగా వాడికేటి మిగిల్చారు?"

పొయ్యి మీద చారు పొంగింది. ఇద్దరిలో ఎవరూ దించలేదు.

తక్కిన నాటక సమాజాల వాళ్ళందరూ ఊళ్ళోవాళ్ళకి కంఠతా వచ్చిన పాత నాటకాలే ఆడుకుని బతుకుతున్నారు. కాశీవిశ్వనాథానికి అది చేతకాదు. ఉప్పు వ్యాపారం తన తమ్ముడికి వదిలేసి కొత్త నాటకాలు కట్టాడు. కథ వెతకడం, పంతులు చేత మాటలు రాయించడం, జగన్నాధం చేత వరసలు కట్టించడం. పాట తయారయ్యాక సంత నాడు అరుగు మీద పాడించేవాడు. ధాన్యం బళ్ళు తిరిగి వెళ్ళేటప్పుడు బండివాళ్ళ నోట ఆ వరస వినిపిస్తే పాట నాటకంలో ఉండేది. లేకపోతే, ఎంత బాగున్నా, ఆ సాయంత్రమే తీసేసేవాడు. పంతులు ఏడ్చినా వినేవాడు కాదు. ఈ ఇంట్లో అలా తీసేయించుకోని పాటలన్నీ జగన్నాధం పాడినవే.

"నీకొక సంగతి చెప్పలేదు," అన్నాడు చివరికి. "మొన్న దసరాకి టెక్కలిలో... నవ్వారే."

"ఎవరు?"

"జనం. వాడు శోకరంగంలో పాడుతున్నాడు. వెనకాల ఎవడో 'ఒరే, గెడ్డం నీలంగా కనబడతన్నాది సూడు' అన్నాడు. ముందు ఒకడు నవ్వాడు. తరవాత పందిరంతా నవ్వింది. ఆ ఊరికి టాకీ వచ్చింది. తెర మీద నిజం ఆడవాళ్ళని చూసొచ్చిన కళ్ళు. నేను తెర పక్కన నిలబడి ఉన్నాను. పరదా దించేద్దామంటే చెయ్యి లేవలేదు."

"తమ్ముడు..."

"వాడు వినలేదు. కళ్ళు మూసుకుని పాడుతున్నాడు. అదొక్కటే నా అదృష్టం." అతను కండువాతో మొహం తుడుచుకున్నాడు. "మళ్ళీ నవ్వితే వింటాడు. అందుకే తీసేసాను. వాడికి చెప్పకు. నా మీద ఒట్టు. నేను చెడ్డవాణ్ణని అనుకోనీ."

కన్యక చారు దించింది. గిన్నె అడుగున మాడిపోయి ఉంది.

మునగ చెట్టు కింద జగన్నాధం తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. ఆమె అన్నం కలిపిన పళ్ళెం పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. చిన్నప్పటిలా ముద్ద చేసి చేతిలో పెట్టింది. ఈసారి తిన్నాడు.

వీధి వైపు నుంచి ఆడవాళ్ళ గొంతులు వినిపించాయి. బజారులోంచి ఇద్దరు పలకరింపుకి వచ్చినట్టున్నారు. "ఆ పిల్ల కాంచనలేఖకి మీరేటవుతారమ్మా?" అని అడుగుతున్నారు. అసిరమ్మ గొంతు, "మాకా అమ్మి తెలీదమ్మా, మేం ఇప్పుడే బండి దిగినాం," అంటోంది.

జగన్నాధం పెదవులు కదిలాయి. ఈ వారంలో అదే మొదటి నవ్వు. కన్యక కూడా నవ్వబోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు మధ్యలోనే ఏడుపు అయింది.

"బావ టెక్కలి సంగతి చెప్పాడా?" అన్నాడు.

ఆమె ఇంకో ముద్ద కలిపింది.

"చెప్పే ఉంటాడు. నీ మొహం చూస్తే తెలుస్తన్నాది. నేను విన్నాను అప్పా."

"నువ్వు కళ్ళు మూసుకుని..."

"కళ్ళు మూసుకుంటే చెవులు మూసుకుపోతాయేటి? మొదట నవ్విన వాడి గొంతు ఇప్పటికీ గుర్తు. పాట ఆపితే ఓడిపోయినట్టని చివరి దాకా పాడాను. లోపలికొచ్చాక బావ నా జడ సర్దుతూ, 'ఎంత బాగా పాడావురా ఇవాళ' అన్నాడు. పాయ రెండుసార్లు చేజార్చాడు. నేను విననట్టే ఊరుకున్నాను. పాపం, ఆ మాత్రం సుఖం ఉండనీ అనిపించింది."

ఆమె ముద్ద చేతిలోనే పట్టుకుని ఉండిపోయింది. మొగుడు తమ్ముడి కోసం, తమ్ముడు మొగుడి కోసం దాచుకున్న మాట ఒకటే. రెండువైపులా వినాల్సింది తనే అయింది.

"జుట్టు కావాలంటన్నాడు కదా? వినిపించింది. ఇచ్చెయ్యి అప్పా."

"నేనివ్వను."

"ఇచ్చెయ్యి. అదెలాగూ చచ్చింది. ఎవరి తల మీదో ఒకసారి దీపాల వెలుగు చూస్తాది. కానీ వరస ఇవ్వను."

అతను దేని గురించి అంటున్నాడో ఆమెకు తెలుసు. రేవు పాట ఆఖరి చరణం. పంతులు మాటలు రాసి ఇచ్చాడు. ముందు చరణాలకు కట్టిన వరస హార్మోనియం సూరయ్యకి వచ్చు. ఆఖరిది మాత్రం జగన్నాధం ఎవరికీ వినిపించలేదు. సంత నాడు అరుగు మీద పాడడానికి కూడా ఒప్పుకోలేదు. అది కుదిరిందని, నాటకం నాడు వింటారని చెప్పి ఊరుకున్నాడు.

"అదొక్కటే నాతో ఉన్నాది," అన్నాడు. "జుట్టు ఊరందరూ చూసారు. గొంతు ఊరందరూ విన్నారు. ఆ చరణం నేను తప్ప ఎవరూ వినలేదు. ఆదివారాలు నువ్వు తల దువ్వుతుంటే గొంతులోనే కూనిరాగంగా పాడుకునేవాణ్ణి. నువ్వూ విని ఉండవులే. నూనె రాస్తూ సగం నిద్రలో ఉండేదానివి."

"ఊఁ," అంది.

"సాయంత్రం బండికి నౌపడ వెళ్తన్నాను. ఉప్పు మళ్ళ దగ్గర చిన్నాన్న కొడుక్కి మనిషి కావాలంట. అక్కడ ఎవరికీ నేను కాంచనలేఖనని తెలీదు. నువ్వు బావ మాట విని నన్ను బతిమాలకు. ఆ వరస అడగనని చెప్పు."

"అడగను."

"ఎవరినీ అడగనివ్వనని చెప్పు."

"అడగనివ్వను," అంది కన్యక. అతని తల నిమరబోయి, చెయ్యి ఎక్కడ ఆనించాలో తెలియక వెనక్కి తీసుకుంది.

మధ్య గదిలో సూరయ్య హార్మోనియం విప్పాడు. అతను వరస పట్టిస్తే నీలవేణి పాడింది.

*ఓడ రాలేదమ్మ రేవుకీ పూట,
నీడ వాలిందమ్మ నీటి పై బాట...*

సన్నని గొంతు. జ్వరం నుంచి తేరుకున్న నీరసం ఇంకా ఉంది. కాని ఆ నీరసమే పాటకి అతికింది. వంటింటి గడపలో నిలబడ్డ కన్యకకి ఒప్పుకోవాలని లేకపోయినా ఒళ్ళు జలదరించింది. ఇరవై రెండేళ్ళ పిల్ల. గెడ్డం నున్నగా ఉంది. ఎవరూ నవ్వరు.

చరణాలు అయ్యాయి. ఆఖరి చరణం దగ్గర హార్మోనియం ఆగింది. నీలవేణి ఆగింది.

కాశీవిశ్వనాథం లేచి పెరట్లోకి వెళ్ళాడు. కన్యక కిటికీ దగ్గరికి వచ్చింది.

"ఒరే జగ్గా."

"ఊఁ."

"వచ్చే ఆదివారం శ్రీకాకుళంలో నాటకం. ఆ చరణం లేకపోతే నాటకం లేదు. నీ కాళ్ళు పట్టుకోమంటావేటిరా?"

"జుట్టు పట్టుకోవడానికి అలవాటు పడ్డావు బావా. ఇప్పుడు పట్టు దొరక్క కాళ్ళంటన్నావు."

"నాటకం నాది కాదురా. మనది."

"మనదైతే నన్నెందుకు తీసావు?"

కాశీవిశ్వనాథం చెట్టు బెరడు గోటితో గీకాడు.

"చెప్పు బావా. ఎందుకు తీసావు?"

మునగ కొమ్మ మీద కాకి అరిచింది. ఇద్దరూ దానివైపు చూసారు. కన్యక కిటికీ ఊచ పట్టుకుంది. ఇప్పుడైనా ఒకరు చెబితే రెండో వాడు "నాకూ తెలుసు" అంటాడు. ఇద్దరూ కలిసి ఏడుస్తారు. అంతే కావలసింది.

"వయసురా," అన్నాడు కాశీవిశ్వనాథం, చెట్టు వైపు చూస్తూనే.

"అవును. వయసే," అన్నాడు జగన్నాధం.

కాశీవిశ్వనాథం వెనక్కి వచ్చేసాడు. కిటికీ దగ్గరున్న భార్య పక్క నుంచి నడిచినా ఆమెను చూడలేదు. నాటకాల కంట్రాక్టరు గారని స్టేషను దాకా ఊరంతా పిలిచే మనిషి, గోడ పట్టుకుని నడిచాడు.

కన్యక బియ్యం గదిలోకి వెళ్ళి మూట తెచ్చింది. నీలవేణి వెనక పీట వేసుకుని కూర్చుంది.

"వాడివ్వమన్నాడు," అంది భర్తతో. "వాడి మాట మీద ఇస్తన్నాను. మీ మాట మీద కాదు."

నీలవేణి కొంగు తీసింది. పలచని పొట్టి జుట్టు, మధ్యలో మాడు కనిపిస్తోంది. మూట విప్పగానే గదిలో గుంటగలగర నూనె వాసన నిండింది.

"ఓలమ్మ! ఇది మగాడి జుట్టేటి!" అంది అసిరమ్మ. "అమ్మా, ఆడపిల్ల తలలో మగాడి జుట్టెట్టొచ్చునేటి? దోసం కాదా?"

"ఇన్నాళ్ళూ అద్దెకి తెచ్చిన సవరాలు ఏ శవం మీదివో ఏ దేవుడికిచ్చినవో అడిగామేటే అమ్మా?" అంది నీలవేణి. కన్యక వైపు తల తిప్పకుండానే నెమ్మదిగా అంది: "అమ్మగారూ, చిన్నప్పుడు బొబ్బిలిలో జగన్నాధం మాస్టారి నాటకం చూసాను. మా అమ్మ ఒళ్ళో కూర్చుని ఏడ్చేసాను. ఆ జడ చూసి, పెద్దయితే నాకు అలాటిది కావాలని ఏడ్చానంట. ఇలగ వస్తాదనుకోలేదు."

కన్యకకి ఆ పిల్ల మీద కోపం తెచ్చుకోవడానికి ఏ ఆధారమూ దొరకలేదు.

కుదురు దగ్గర దారం గట్టిగా ఉంది. దాన్ని ఆ పొట్టి జుట్టుకి ముడివేసి, జడ విప్పి, చెక్క దువ్వెన అందుకుంది. పైనుంచి కిందికి ఒకసారి దువ్వింది. మళ్ళీ దువ్వింది. చేతులకి తెలిసిన బరువు. తెలిసిన నునుపు. చెవి వెనక ఒక పాయ ఎప్పుడూ వంకర తిరిగి ఉండేది. అది ఇప్పుడూ తిరిగింది. బొటనవేలుతో దాన్ని ఒత్తి, మూడు పాయలు చేసి అల్లడం మొదలుపెట్టింది. కళ్ళు సగం మూతలు పడ్డాయి. ఇది ఆదివారం. పెరట్లో ఎండ. ముందు కూర్చున్నది తమ్ముడు. సాంబ్రాణి వేయాలి. వాడు గొంతులోనే పాడుకుంటున్నాడు.

*ముడి వేసి పోయావు, విప్ప రావేమి?
కడలి గాలికి నేడు కురులె తెరచాప.
విప్పుకున్నానయ్య, వీచవే గాలీ,
ఎప్పటికి వచ్చినా ఈ రేవు నీదే.*

గదిలో ఎవరూ కదల్లేదు. తను పాడుతున్నానని కన్యకకి తెలియదు. ఆఖరి మాట దగ్గర వరస కిందికి దిగవలసింది పోయి, ఒక మెట్టు పైకెక్కి అక్కడే ఆగిపోయింది. ఎదురుచూసే మనిషి మునివేళ్ళ మీద లేచి సముద్రంలోకి చూసినట్టు.

"సూరయ్యా!" కాశీవిశ్వనాథం కేక వేసాడు. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. మొహం వెలిగిపోతోంది. "పట్టు! ఆ వరస పట్టు! ఆ పైకెళ్ళిందే, అది వదలకు!"

సూరయ్య వేళ్ళు అప్పటికే మెట్ల మీద ఉన్నాయి. ఒక్క పొల్లు పోకుండా చరణం హార్మోనియంలోంచి వచ్చింది.

కన్యక కళ్ళు తెరిచింది.

పెరటి గుమ్మంలో జగన్నాధం నిలబడి ఉన్నాడు. చంకలో చిన్న బట్టల మూట. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. అతను ఆమెను చూడలేదు. చేతులు అల్లుతున్న జడనూ, హార్మోనియాన్నీ చూసాడు. వరస పూర్తయ్యేదాకా విన్నాడు. తప్పు పట్టడానికి ఏమీ లేదన్నట్టు తల ఒక్కసారి ఆడించాడు.

"జగ్గా," అంది.

అతను వాళ్ళందరి మధ్య నుంచి నడిచి వీధి గుమ్మం దాకా వెళ్ళాడు. బయటికి వెళ్ళేముందు ఎప్పటి అలవాటు చొప్పున, జడను భుజం ముందుకి వేసుకోవడానికి చెయ్యి మెడ వెనక్కి పోయింది. అక్కడ ఏమీ దొరకలేదు. చెయ్యి కాసేపు అలాగే గాలిలో ఉంది. తరువాత దించుకుని మెట్లు దిగాడు.

కన్యక లేవబోయింది. మూడు పాయలూ ఆమె పిడికిట్లో ఉన్నాయి. జడ సగం అల్లింది. వదిలితే అంతా విడిపోతుంది.

"అమ్మగారూ, వదిలెయ్యండి, వెళ్ళండి," అంది నీలవేణి. ఆ పిల్ల ఏడుస్తోంది.

"వదలకు!" అన్నాడు కాశీవిశ్వనాథం. "ఇంకొక్కసారి, కన్యకా. ఆ ఆఖరి మాట ఇంకొక్కసారి అను."

స్టేషను వైపు నుంచి బండి కూత వినిపించింది. కన్యక పిడికిలి విప్పలేదు. బిగించలేదు.